తెగిన చెయ్యి వెనుక కథ

"అన్నా, మా షార్ట్ ఫిలింకి తెగిపడిన చెయ్యి కావల్ల" అంటూ వచ్చారు హిందూపురం కుర్రాళ్లు నలుగురు. ధర్మవరం నేతగాడి కథట, క్లైమాక్సు పెనుకొండ కోటలోనట. ఆ పాత్ర వేసే నిజం నేతన్న చేతినే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బకెట్లో ముంచి అచ్చు తీస్తారట! నా గుండె గుభేలుమంది.

ఎందుకంటారా? ప్లాస్టర్ బిగిసేటప్పుడు వేడెక్కుతుంది. మందంగా ఉంటే 60 డిగ్రీల దాకా పోతుంది. చెయ్యి బయటికి రాదు. 2007లో ఇంగ్లండులో ఓ 16 ఏళ్ల విద్యార్థిని బడిలో ఇలాగే చేతులు ముంచి, చాలా వేళ్లు పోగొట్టుకుంది.

మేకప్ కళాకారుల పద్ధతి వేరు. పళ్ల డాక్టర్లు అచ్చు తీసే ఆల్జినేట్ పొడిని చల్లటి నీళ్లలో కలిపి, అందులో చెయ్యి పెట్టిస్తారు. సముద్రపు నాచు నుంచి వచ్చే సరుకది. కొద్ది నిమిషాల్లో మెత్తటి రబ్బరులా బిగుస్తుంది. చెయ్యి మెల్లగా లాగేసి, ఆ ఖాళీలో చర్మం రంగు కలిపిన సిలికోన్ పోస్తారు. ఆల్జినేట్ ఎండితే కుంచించుకుపోతుంది, ఆలస్యం పనికిరాదు. సిలికోన్ గట్టిపడ్డాక నరాల నీలం, కణుపుల ఎరుపు పొరలుగా అద్ది, వెంట్రుకలు సూదితో ఒక్కొక్కటే గుచ్చుతారు.

"ఖర్చు జాస్తి కదన్నా" అని నసిగారు.

"ఆ చేతులే కదయ్యా ఆయనకి కూడు పెట్టేది!" అన్నాను. మారు మాట్లాడలేదు.

నెల తర్వాత సిలికోన్ చెయ్యి తయారైంది. నేతన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, "మగ్గం మీద కాసిన కాయలు గూడా దిగినాయే!" అని నవ్వాడు, తన రెండు చేతులతో పట్టుకుని.