తలుపు వేయని బండి

ముంబై వెళ్లొచ్చినవాళ్లను 'ఏమేం చూశారు?' అని అడిగి చూడండి. గేట్‌వే ఆఫ్ ఇండియా, హాజీ అలీ, సిద్ధివినాయక్ గుడి, జుహూ బీచ్, వీలైతే అమితాబ్ బచ్చన్ ఇంటి గేటు... ఇదే వరస. 'దాదర్ స్టేషన్ చూశాం' అన్నవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లే మనవాళ్లు చాలామంది దిగేది అక్కడే. కానీ దిగీ దిగగానే పెట్టెలు లెక్కపెట్టుకోవడం, పిల్లల చేతులు పట్టుకోవడం, టాక్సీ కోసం బయటికి పరుగు తీయడం!

ఒక్క గంట ఆగమంటాను నేను. 10 రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. (పండగ రద్దీలో ఆ టికెట్లు అమ్మడం ఆపేస్తుంటారు, అది చూసుకోండి.) పొద్దున ఎనిమిదిన్నర, సాయంత్రం ఆరున్నర... ఈ రెండూ మంచి వేళలు. ప్లాట్‌ఫాం చివర గోడవారగా నిలబడాలి. వంతెన మీద మాత్రం ఆగొద్దు. పోలీసులు నిలవనివ్వరు, జనం అసలే నిలవనివ్వరు.

దాదర్‌ది చిత్రమైన కథ. పేరుకు ఒకటే స్టేషన్‌గానీ నిజానికి రెండు. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకి దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిపింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ. తర్వాత గుజరాత్ వైపు నుంచి పట్టాలు వేసుకుంటూ వచ్చింది బాంబే బరోడా అండ్ సెంట్రల్ ఇండియా కంపెనీ. ఈ రెండు దారులూ పక్కపక్కకు చేరిన చోటు దాదర్. ఆ కంపెనీలు పోయాయి. వాటి స్థానంలో సెంట్రల్ రైల్వే, వెస్టర్న్ రైల్వే వచ్చాయి. అయినా కాపురాలు మాత్రం వేరే! వాళ్ల ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వాళ్లది, వీళ్ల ఒకటో నంబరు వీళ్లది. 'ఒకటో నంబరు మీదుంటా, వచ్చెయ్' అని ఫోన్లో చెప్పుకుని, చెరో ఒకటి మీదా నిలబడి ఒకరినొకరు తిట్టుకోవడం అక్కడ మామూలే. చివరికి 2023 డిసెంబరు 9న లెక్క సరిచేశారు. వెస్టర్న్ వైపు 1 నుంచి 7 అలాగే ఉంచి, సెంట్రల్ వైపు 8 నుంచి 14 అన్నారు. ఇన్నేళ్లకు అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే వరస ఇంటి నంబర్లు వచ్చినట్టయింది.

సరే, ఇక బళ్లు. చర్చ్‌గేట్ నుంచి విరార్ దాకా అటు వెస్టర్న్. సీఎస్‌ఎంటీ నుంచి కల్యాణ్ మీదుగా కసారా, కర్జత్, ఖోపోలీల దాకా ఇటు సెంట్రల్. రద్దీ వేళల్లో ఒక్కో దారిలో మూడు నాలుగు నిమిషాలకో బండి. ఊరు మొత్తానికి రోజుకు 3 వేలకు పైగా సర్వీసులు. మన హైదరాబాద్‌లో 2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు 'అచ్చం బొంబాయి లోకల్‌లా' అని మురిసిపోయాంగానీ, పోలిక పేరులోనే ఉంది. ఇక్కడ బండి తప్పిపోతే అయ్యో అనుకుంటాం. అక్కడ తప్పిపోయిన బండి గురించి ఆలోచించేలోపు ఇంకోటి వస్తుంది. అయినా ఎవరూ ఆగరు. అదే చూడాల్సిన సంగతి.

బండిని కాదు, తలుపుని చూడండి.

లోకల్ బళ్లకు తలుపులు లేవని చాలామంది అనుకుంటారు. ఉంటాయి. పక్కకు జరిపే ఇనుప తలుపులు. జడివాన కొట్టినప్పుడు తప్ప ఎవరూ వాటిని జరపరు. వెడల్పాటి గుమ్మం, మధ్యలో నిలువుగా ఒక స్తంభం, ఆ స్తంభాన్ని పట్టుకుని పది చేతులు. బండి దూరంగా కనిపించగానే ప్లాట్‌ఫాం మీది జనం ఒక్కసారి బిగుసుకుంటారు. ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలుసు. స్తంభాల మీద రంగుచారలు చూసి ఫస్ట్ క్లాసు ఎక్కడ, ఆడవాళ్ల పెట్టె ఎక్కడ అన్నది అడుగు తేడా లేకుండా లెక్కగడతారు. బండి ఇంకా ఆగకముందే దిగేవాళ్లు దూకేస్తారు, ఎక్కేవాళ్లు ఎగిరి స్తంభం అందుకుంటారు. ఇరవై, ముప్ఫై సెకన్లు. వెనక పెట్టెలోంచి గార్డు రెండుసార్లు గంట కొడతాడు, మోటార్‌మన్ బండి కదిలిస్తాడు. (గార్డు ఉద్యోగానికి 2022లో 'ట్రైన్ మేనేజర్' అని పేరు మార్చారు. గంట మాత్రం అదే గంట.)

ఆ కాస్త సమయంలో అన్ని వందలమంది మారాలంటే ఏదో ఒక పద్ధతి ఉండాలి కదా? ఉంది. ఎక్కడా రాసిపెట్టని పద్ధతి. దాదర్‌లో దిగాలంటే ఒకటి రెండు స్టేషన్ల ముందే లేచి గుమ్మం వైపు జరగాలి. ముందున్నవాడి భుజం తట్టి 'ఉతర్‌నా హై క్యా?' అని అడగాలి. అవునంటే అతని వెనకే ఉంటే చాలు, దిగడం మన చేతుల్లో లేదు, జనమే దింపేస్తారు. సీట్లో కూర్చున్నవాడిని 'ఎక్కడ దిగుతావు భావూ?' అని అడిగి, ఆ సీటుకు ముందే ఖర్చీఫు వేసుకున్నంత పని చేస్తారు. ముగ్గురి బెంచీ మీద నాలుగోవాడు అంచున ఆనుకుంటే 'కొంచెం జరగండి' అంటే జరగాల్సిందే. ఇక సాయంత్రం విరార్ ఫాస్ట్ అయితే వేరే రాజ్యం! బోరీవలీలో దిగేవాడు అది ఎక్కాడంటే విరార్‌వాళ్లు గుమ్మం దగ్గర దారివ్వరు. 'నీకు వేరే బళ్లున్నాయిగా, మా బండెందుకెక్కావ్?' అన్నది వాళ్ల వాదన. మొరటుతనమే. కానీ గంటకు పైగా ఒంటికాలి మీద వెళ్లేవాడి కోపం ఎలా ఉంటుందో ఊహించండి.

ఈ రద్దీకి రైల్వేవాళ్లు ఒక పేరే పెట్టుకున్నారు. 'సూపర్ డెన్స్ క్రష్ లోడ్' అట! చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడడం. ఒక చదరపు మీటరంటే ఎంత? మన ఇంట్లో భోజనాల బల్ల అంత కూడా ఉండదు. అంతమంది కలిపి వదిలే ఊపిరికి లోపల గాలి ఎలా ఉంటుంది! అందుకే 2007 నుంచి వచ్చిన ఊదారంగు చారల బళ్లకు కప్పు మీద గాలి పంపే యంత్రాలు పెట్టారు. అవెన్ని ఉన్నా అసలు గాలి వచ్చేది ఆ తెరిచిన గుమ్మంలోంచే.

ఇంతమంది ఎటు పోతున్నారు? ఇక్కడ మనవాళ్ల కథ కొంచెం కలుస్తుంది. దాదర్‌కు దక్షిణాన పరేల్, లోయర్ పరేల్, వర్లీ అంతా ఒకప్పుడు బట్టల మిల్లులు. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఆ మగ్గాల మీద బతికారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ స్థలాల్లో అద్దాల ఆఫీసులు, మాల్స్ లేచాయి. మిల్లు కార్మికులు చుట్టుపక్కల చాల్‌లలో ఉండేవారు, నడిచి పనికి వెళ్లేవారు. ఆఫీసు ఉద్యోగులు మాత్రం విరార్ నుంచి, డోంబివలీ నుంచి రైల్లో వస్తారు. స్థలం అదే, స్టేషన్లు అవే, వంతెనలు అవే. జనం మాత్రం వేరే.

దీని ఫలితం 2017 సెప్టెంబరు 29న కనిపించింది. దసరాకు ముందురోజు. పొద్దున పెద్ద వాన. ఎల్ఫిన్‌స్టన్ రోడ్ (ఇప్పుడది ప్రభాదేవి), పరేల్ స్టేషన్లను కలిపే ఇరుకు వంతెన మీద జనం ఇరుక్కుపోయి తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. 'ఫూల్ గిర్ గయా' అని ఎవరో అంటే 'పుల్ గిర్ గయా' అని వినిపించిందని అప్పట్లో ఒక సాక్షి చెప్పినట్టు పత్రికలు రాశాయి. పువ్వుకీ వంతెనకీ మధ్య ఒక్క అక్షరం తేడా! తర్వాత సైన్యాన్ని పిలిచి అక్కడ కొత్త వంతెన కట్టించారు. 2018 ఫిబ్రవరిలో తెరిచారు. నాలుగైదు నెలల్లో అయిపోయే పనే అన్నమాట.

అది ఒక్కరోజులో జరిగింది కాబట్టి దేశమంతా చూసింది. గుమ్మం దగ్గర జరిగేది ఒక్కొక్కటిగా జరుగుతుంది. ముంబై లోకల్ పట్టాల మీద 2023లోనూ, 2024లోనూ ఏటా 2 వేలకు పైగా మనుషులు పోయారు. ఎక్కువమంది పట్టాలు దాటుతూ. ఆ తర్వాతి వరసలో కదిలే బండి నుంచి జారిపడి. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర మలుపులో ఎదురెదురుగా వెళ్తున్న రెండు బళ్ల గుమ్మాల్లో వేలాడుతున్నవాళ్లు ఒకరికొకరు తగిలి కిందపడ్డారు. కనీసం నలుగురు చనిపోయారు. పొద్దున పనికి బయల్దేరినవాళ్లు.

ఆ తర్వాత రైల్వే బోర్డు ఒక మాట చెప్పింది. ముంబై లోకల్‌కు ఇకపై తయారయ్యే బళ్లన్నిటికీ వాటంతటవే మూసుకునే తలుపులుంటాయని. ఏసీ లేని బళ్లకైతే గాలి ఆడేలా తలుపులకు చిల్లులు, కప్పు మీద యంత్రాలు, పెట్టెకూ పెట్టెకూ మధ్య దారి. 2017 క్రిస్మస్ నాడు మొదలైన ఏసీ లోకల్‌కు అలాంటి తలుపులే ఉన్నాయి. 2022 మేలో టికెట్ ధర సగానికి తగ్గించాక దానికీ రద్దీ పెరిగింది. తలుపు మూసుకోక, మూసుకోనిదే బండి కదలక, లోపలున్నవాళ్లు 'దిగవయ్యా' అని అరవడం... ఆ దృశ్యం దాదర్‌లోనూ చూడొచ్చు.

తలుపులు మూయాల్సిందే. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఒక్క లెక్క అడగాలి. బయట వేలాడేవాడు సరదాకి వేలాడడం లేదు, లోపల చోటు లేక వేలాడుతున్నాడు. తలుపు మూస్తే అతను మాయం కాడు, ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతాడు. తర్వాతి బండికి అతనూ, అప్పటికి వచ్చినవాళ్లూ. తలుపులు మూసుకోవడానికి పట్టే ఆ నాలుగు సెకన్లు ప్రతి స్టేషన్లోనూ కలుస్తూపోతే మూడు నిమిషాలకో బండి నడవదు. తలుపులతో పాటు బళ్లు పెరగాలి, బళ్లతో పాటు పట్టాలు పెరగాలి. లేకపోతే పడిపోయే చోటు బండి నుంచి ప్లాట్‌ఫాం మీదికి మారుతుందంతే.

అంతకంటే చౌకగా అయ్యే పని ఒకటుంది. అందరూ ఒకేసారి ఆఫీసుకు రాకపోవడం! సెంట్రల్ రైల్వే 2023 నవంబరులో ముంబైలోని తన ఆఫీసు సిబ్బందికే రెండు వేళలు పెట్టింది. మిగతా ఆఫీసులనూ మార్చమని అడిగింది. ఖర్చు లేదు, పట్టాలు అక్కర్లేదు. కానీ పదింటికి బయోమెట్రిక్‌లో వేలు పెట్టకపోతే సగం రోజు జీతం కోసే యజమాని ఉన్నంతకాలం, ఉద్యోగి ఆ స్తంభం పట్టుకుని వేలాడుతూనే ఉంటాడు. ఫుట్‌బోర్డు మీద ప్రయాణం రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల జైలు లేదా 500 రూపాయల జరిమానా. గట్టిగా అమలు చేస్తే ముంబై జైళ్లు ఒక్కపూటకు చాలవు.

మన ఇళ్ల నుంచీ పిల్లలు ఉద్యోగాలకు ముంబై వెళ్తున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఎక్కుతూ దిగుతూ పడిపోతే 'నీ అజాగ్రత్తే' అని పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018 మేలో రీనాదేవి కేసులో చెప్పింది. మరణానికి పరిహారం 2017 నుంచి 8 లక్షలు. మనిషి దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన దావా పోదు. కానీ పాసు ఉందని తర్వాత ఎవరో ప్రమాణపత్రం రాసి నిరూపించాలి. అందుకే సీజన్ పాసు ఫొటో ఒకటి ఇంట్లోవాళ్ల ఫోన్లో ఉంచమనండి. వినడానికి బాగుండదు. అయినా ఉంచమనండి.

ఇదంతా విని దాదర్‌లో చూడ్డానికి భయమే మిగిలిందనుకోకండి. ఆడవాళ్ల పెట్టె కిటికీలోంచి చూస్తే సాయంత్రం బళ్లలో బఠాణీలు ఒలిచేవాళ్లు కనిపిస్తారు. ఇంటికి చేరేసరికి కూర సగం అయినట్టే. దసరా వస్తే రోజూ ఒకే బండిలో వెళ్లేవాళ్లు తలా కొంత వేసుకుని పెట్టెకు బంతిపూల దండలు కడతారు, దేవుడి పటం పెట్టి పూజ చేస్తారు. ఆ పూలు దాదర్ స్టేషన్ బయటి మార్కెట్‌వే చాలావరకు. కదిలే బండి వెంట పరుగెత్తేవాడికి గుమ్మంలోంచి రెండు మూడు చేతులు చాస్తారు. కులం, భాష, పేరు ఏదీ అడగరు. అంత మంచి చేయి. ఆ చేయి వల్లే ఇంకొకడు బయట వేలాడతాడు కూడా.

రాత్రి పదకొండు దాటాక ఒకసారి చూడండి. రద్దీ ఉండదు. బండి ఖాళీగా వస్తుంది. లోపల సీట్లన్నీ వరసగా ఖాళీ. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. అయినా ప్రతి గుమ్మం దగ్గరా ఒకరో ఇద్దరో కుర్రాళ్లు ఆ స్తంభాన్ని పట్టుకుని నిలబడే ఉంటారు, మొహానికి గాలి తగిలేలా కాస్త బయటికి వంగి.