కొండపాముకి కోస్తా ఉక్క

పెంపుడు పాముల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లు రాసినవే. అక్కడ ఇల్లే చల్లగా ఉంటుంది కాబట్టి హీట్ మ్యాట్ కొనమంటారు, బల్బు పెట్టమంటారు. వేసవిలో శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఆ సలహాని తు.చ. తప్పకుండా పాటిస్తే పాము చస్తుంది. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మేస్టార్ని, ఊరికే బెదిరించడానికి అంటున్న మాట కాదిది.

నా దగ్గర చదివిన కుర్రాడొకడు అమెరికా కొండల కింగ్‌స్నేక్‌ని తెచ్చుకున్నాడు. ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలు. మనిషికి హాని చేసే విషం లేదు. చూడ్డానికి ముచ్చటే. ‘‘నీళ్ల గిన్నెలోంచి లేవట్లేదు మేస్టారూ, నీళ్లంటే అంత ఇష్టమేటో’’ అన్నాడు. వెళ్లి చూశాను. డాబా మీద గది, పడమటి గోడకి ఆనించిన గాజుపెట్టె, కింద మే నెలలో కూడా ఆపని హీట్ మ్యాట్. థర్మామీటరేమో గోడకి తగిలించాడు. పాము పడుకునే చోట, చల్లటి మూల అనుకున్న వైపే థర్మామీటరు వైరు పెట్టి చూస్తే 34 డిగ్రీలు. ‘‘ఇష్టం కాదురా, వేడికి తాళలేక నీళ్లలో దూరింది’’ అన్నాను.

పాము మనలాగా ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. ఎండకీ నీడకీ మధ్య జరుగుతూ సరిచేసుకుంటుంది. మన మహేంద్రగిరి శిఖరం 1500 మీటర్లు. అరిజోనాలో ఈ పాము తిరిగే పైన్ అడవుల్లో చాలా భాగం ఆ ఎత్తులో, అంతకు మించిన ఎత్తులో ఉన్నవే. పగలు వేడెక్కితే రాళ్ల పగుళ్లలోకి జారుకుంటుంది. గాజుపెట్టెలో పగులెక్కడిది? అందుకే పెట్టెకి ఒక కొస 28, 29 డిగ్రీలుంటే రెండో కొస 22 నుంచి 24 దాకా ఉండాలి. రాత్రి ఇంకాస్త తగ్గినా మేలే. పిల్లలు కావాలనుకుంటే శీతాకాలంలో రెండు మూడు నెలలు 10, 13 డిగ్రీల మధ్య పడుకోబెట్టాలి. పాలకొండలో అది అయ్యే పనేనా?

మన దగ్గర వేడి ఊరికే వస్తుంది, చల్లదనమే కొనుక్కోవాలి. వేసవంతా రాత్రింబవళ్లు ఏసీ తిరగాలి. కరెంటు పోతే? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టరు ఫ్యాను తిప్పుతుంది గాని ఏసీని కాదు. ఫ్యాను గాలి చెమట పట్టే మనకి హాయి. చెమటే పట్టని పాముకి అది వట్టి వేడిగాలి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. బాల్ పైథాన్ అనే కొండచిలువ, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాలో ఉంది. 2024 నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొండ కింగ్‌స్నేక్ ఆ జాబితాలో లేదు. కాబట్టి దాని పెట్టెలో ఎంత వేడి ఉందో అడిగే అధికారి ఎవరూ రారు. వేడి బాధ పెట్టెలోకి చేరకముందే మొదలు కావచ్చు. 2022 ఆగస్టులో బ్యాంకాక్ నుంచి చెన్నై వచ్చిన ప్రయాణికుడి సామానులో కస్టమ్స్ వాళ్లకి 15 కింగ్‌స్నేక్‌లు దొరికాయి. ఆ సంచుల్లో వేడి ఎంతుందో ఊహించుకోండి.

మా కుర్రాడికి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. పెట్టెని కింది అంతస్తులో, ఎండ తగలని ఉత్తరపు గదిలోకి మార్చండి. వేసవంతా మ్యాట్ ప్లగ్గు పీకేయండి. మిగతా కాలంలో థర్మోస్టాట్ లేకుండా వాడొద్దు. రెండు కొసల్లోనూ నక్కడానికి చోటుండాలి, లేకపోతే భయంతో వేడిలోనే ఉండిపోతుంది. సాకలేమని కొండల్లో మాత్రం వదలొద్దు. స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనారియా దీవిలో జనం పెంచుకున్న మరో రకం కింగ్‌స్నేక్‌లు బయటపడి అక్కడి బల్లుల్ని ఊడ్చేస్తున్నాయి.

ఇంకా కొనని వాళ్లకి ఒక్కటే మాట. డబ్బు కట్టకముందు ఆ గదిలో థర్మామీటరు పెట్టి, మే నెల మధ్యాహ్నం ఏసీ కట్టేసి చూడండి. 30 దాటితే కొనకండి.