ఫైలుకెక్కిన మాట ఎవరిది?

“మనుషుల్ని కలవడం లేదు కదా మేడమ్, పాత ఫైళ్లే కదా! మళ్లీ ఎథిక్స్ కమిటీ దేనికి?” అని అడిగిందో పరిశోధక విద్యార్థిని. ఒక మహిళా సంఘం కౌన్సెలింగ్ కేంద్రంలో ఇరవై ఏళ్ల క్రితం నమోదైన గృహహింస కేసుల మీద ఆమె పని చేయాలనుకుంటోంది. కమిటీలో నా తోటి సభ్యులు కూడా “పేర్లు తీసేస్తే చాలు, ఒప్పుకుందాం” అన్నారు.

నేను ఒప్పుకోలేకపోయాను. ఆ ఫైళ్లలో ఉన్నది పేరొక్కటే కాదు. ఊరు, కులం, భర్త ఉద్యోగం, పిల్లల సంఖ్య అన్నీ ఉన్నాయి. కలిపి చదివితే ఆమె ఎవరో ఆ ఊరివాళ్లకు తెలియకుండా ఉంటుందా? పైగా ఆమె ఆ మాటలు చెప్పుకున్నది దెబ్బల నుంచి బయటపడడానికి, మన థీసిస్ కోసం కాదు.

ఒక పనికోసం ఇచ్చినదాన్ని మరోపనికి వాడుకుంటే ఏమవుతుందో అమెరికాలోని హవాసుపాయ్ తెగ అనుభవం చెబుతుంది. మధుమేహం మీద పరిశోధన అని నమ్మి, 1990 నుంచి వాళ్లు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. అదే రక్తాన్ని తర్వాత స్కిజోఫ్రీనియా మీద, తెగ పూర్వీకుల వలసల మీద అధ్యయనాలకు వాడారు. 2003లో ఒక పీహెచ్‌డీ ప్రసంగం వినడానికి వెళ్లిన ఆ తెగ స్త్రీ కార్లెటా టిలూసి, దీనికి అనుమతి ఉందా అని నిలదీసింది. విషయం కోర్టుకెక్కింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తనమూనాలు తిరిగి అప్పజెప్పింది.

మన దేశంలో ఆరోగ్య పరిశోధనలకు 2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాలు, అందరికీ అందుబాటులో ఉండి, వ్యక్తుల ఆనవాళ్లు లేని సమాచారానికి పరిశీలన నుంచి మినహాయింపు ఇవ్వవచ్చంటాయి. జనాభా లెక్కల పట్టికలకు అది సరే. తలుపు వేసుకుని చెప్పిన మాట బహిరంగ సమాచారం ఎలా అవుతుంది?

అలాగని ప్రతి స్త్రీనీ వెతికి సంతకం తెమ్మనడం లేదు. ఆ ఉత్తరం భర్త చేతిలో పడితే? ఫైళ్లు మూసెయ్యమనీ అనడం లేదు. అవి చదవకపోతే ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన హింసకు చరిత్రే ఉండదు.

నేనడిగేది ఇంతే. ఆ ఫైళ్లను కాపాడిన సంఘం మాట కమిటీ వినాలి. హింస నుంచి బయటపడిన స్త్రీలకు కమిటీలో చోటుండాలి. లెక్కల్లో కులం ఉండాలి, కానీ ఒక స్త్రీ కథలో అది ఆమెను పట్టించే ఆనవాలు కాకూడదు. రాసింది అచ్చుకు ముందే సంఘానికి చూపాలి.

రెండు నెలల ఆలస్యానికి ఆ అమ్మాయి నొచ్చుకుంది. నిజమే, కష్టమే. కానీ ఆ స్త్రీలు మన ఎదుట లేరు, అడగలేరు. అందుకే వాళ్ల తరఫున అడగవలసింది కమిటీయే.