హోటల్ పేరు డబ్బు కట్టాకే చెబుతారట! ‘మిస్టరీ డీల్’ నొక్కే ముందు ఈ లెక్క చూసుకోండి

‘చెన్నై, త్రీ స్టార్ హోటల్, భారీ తగ్గింపు. హోటల్ పేరు బుకింగ్ పూర్తయ్యాక తెలుస్తుంది.’ ఫోన్‌లో గది వెతుకుతున్నప్పుడు ఇలాంటి ఆఫర్ మీకూ ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. కొన్ని సైట్లు దీన్ని మిస్టరీ డీల్ అంటాయి, కొన్ని సీక్రెట్ డీల్ అంటాయి. ఏరియా చెబుతారు, ఎన్ని స్టార్లో చెబుతారు, రేటింగ్ చూపిస్తారు. పేరు మాత్రం దాస్తారు.

నాయుడుపేట లాంటి ఊళ్లో ఉండేవాళ్లకు హోటల్ గది సరదా ఖర్చేమీ కాదు. జాతీయ రహదారి 16 పట్టుకుంటే ఒకవైపు నెల్లూరు, ఇంకోవైపు చెన్నై. శ్రీకాళహస్తి మీదుగా వెళ్తే తిరుపతి. పెద్దాసుపత్రికి, పిల్లల పరీక్షకు, తెల్లవారుజాము విమానానికి, శ్రీవారి దర్శనానికి, ఇలా ఏదో ఒక పని మీద గది తీసుకోక తప్పదు. అలాంటి ప్రయాణంలో వెయ్యి రూపాయలు మిగిలితే మంచిదే. కానీ ఆ వెయ్యి నిజంగా మిగులుతోందా? గది నచ్చకపోతే, ప్రయాణం వాయిదా పడితే మీ హక్కులేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పేరు ఎందుకు దాస్తారు?

ఈ పద్ధతి అమెరికాలో మొదలైంది. 1998లో వచ్చిన ప్రైస్‌లైన్, 2000లో వచ్చిన హాట్‌వైర్ దీన్ని జనంలోకి తీసుకెళ్లాయి. హోటల్ గదిది పాల ప్యాకెట్ సంగతే. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు ఇంకోసారి అమ్ముకోలేరు. ఖాళీగా వదిలేసే బదులు సగం ధరకైనా ఇవ్వడం హోటల్‌కు లాభం. అయితే తన పేరు పెట్టుకుని బాహాటంగా సగం ధరకు అమ్మితే, పూర్తి ధర కట్టిన అతిథి ఊరుకోడు. రేపటి నుంచి అందరూ ఆ ధరే అడుగుతారు. అందుకే పేరు దాచి, మిగిలిపోయిన గదులను పక్క దారిలో వదిలించుకుంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. మా సైట్‌లో పెట్టిన ధర కంటే తక్కువకు ఇంకెక్కడా అమ్మకూడదని పెద్ద బుకింగ్ సైట్లు హోటళ్లతో ఒప్పందాలు రాయించుకుంటాయి. దీన్నే ‘ప్రైస్ పారిటీ’ అంటారు. మన దేశంలో ఇలాంటి షరతులు, మేక్‌మైట్రిప్-ఓయో మధ్య ఒప్పందం తదితర అంశాలపై విచారించిన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు రూ.223.48 కోట్లు, ఓయోకు రూ.168.88 కోట్లు జరిమానా వేసింది. హోటళ్లతో ఉన్న ఒప్పందాల్లో ధర, గదుల లభ్యతపై పారిటీ షరతులను సవరించాలని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించింది. దానిపై కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. ఇక్కడ మీకు పనికొచ్చే విషయం ఒకటే: సైట్‌లో కనిపించేదే చివరి ధర అనుకోవద్దు. హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి అడిగితే అంతకంటే తక్కువ చెప్పే అవకాశం ఉంటుంది.

ఖాళీ గదులుంటేనే ఈ డీల్స్ ఉంటాయని కూడా గుర్తుపెట్టుకోండి. షార్‌లో రాకెట్ ప్రయోగం ఉన్న రోజో, ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లోనో సూళ్లూరుపేట, నాయుడుపేట చుట్టుపక్కల ఉన్న కొద్దిపాటి గదులకే గిరాకీ ఉంటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలోనూ అంతే. అలాంటి రోజుల్లో ‘60 శాతం తగ్గింపు’ అని ఎవరైనా చెబితే సంతోషించడం కాదు, అనుమానించాలి.

తగ్గింపు ఎంత? చేతికి మిగిలేది ఎంత?

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. చెన్నైలో ఒక గది మామూలు ధర రూ.2,800. మిస్టరీ డీల్‌లో అలాంటి గది రూ.1,900కే వస్తోందనుకోండి. రూ.900 ఆదా అయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు పన్ను కలపండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ లెక్కన రూ.1,900 మీద రూ.95 పడుతుంది. సైట్ తన సర్వీసు ఫీజు రూ.250 వేస్తే దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.295 అవుతుంది. మొత్తం రూ.2,290. అదే హోటల్‌కు నేరుగా ఫోన్ చేస్తే రూ.2,400కు ఇస్తామన్నారనుకోండి. పన్నుతో కలిపి రూ.2,520. అంటే అసలు తేడా రూ.900 కాదు, రూ.230.

ఆ రూ.230 కోసం మీరు వదులుకునేవి ఏంటో కూడా చూడండి.

మొదటిది, చోటు. సైట్ చెప్పే ‘ఏరియా’ చాలా పెద్దది కావచ్చు. గ్రీమ్స్ రోడ్డులో ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ‘చెన్నై’ అని బుక్ చేస్తే, ఓఎంఆర్ మీద ఐటీ కంపెనీల మధ్య గది రావొచ్చు. తెల్లవారగానే అలిపిరి నడకదారి ఎక్కుదామని ‘తిరుపతి’ అని తీసుకుంటే రేణిగుంట వైపు తేలొచ్చు. రానుపోను ఆటో ఖర్చుకే మిగిలిన రూ.230 సరిపోదు.

రెండోది, రద్దు చేసుకునే వీలు. మిస్టరీ డీల్స్‌లో చాలావరకు రద్దు ఉండదు, తేదీ మార్పు ఉండదు. ఆపరేషన్ రెండు రోజులు వెనక్కి జరిగిందని డాక్టరు చెబితే గది డబ్బు పోయినట్టే. ఆసుపత్రి పనుల్లో తేదీలు మారడం కొత్త కాదు. ఈ డీల్‌లో అసలు ప్రమాదం ఇదే.

మూడోది, హోటల్ నిబంధనలు. ముగ్గురికి ఒకే గది ఇస్తారా, లిఫ్ట్ ఉందా, రాత్రి 11 గంటలకు చేరితే చెక్-ఇన్ ఇస్తారా, ఇవేవీ పేరు తెలియకుండా అడగలేం. స్థానిక చిరునామా ఉన్న ఆధార్‌ను ఒప్పుకోని హోటళ్లూ ఉన్నాయి. 2022లో జిల్లాల విభజనతో నాయుడుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మీ ఆధార్‌లో తిరుపతి జిల్లా అని ఉంటే, తిరుపతిలో గది తీసుకునే ముందు ఈ సంగతి కనుక్కోవడం మంచిది. మిస్టరీ డీల్‌లో ఆ అవకాశం ఉండదు.

చట్టం ఏమంటోంది?

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు బుకింగ్ సైట్లకూ వర్తిస్తాయి. వాటిలో మీకు పనికొచ్చేవి ఇవి:

• అమ్మేవారి పేరు, చిరునామా, రేటింగ్ లాంటి వివరాలను, కొనుగోలుకు ముందే ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికి కావాల్సిన సమాచారాన్ని మార్కెట్‌ప్లేస్ సైట్లు స్పష్టంగా చూపించాలి. పేరు దాచి అమ్మే పద్ధతి ఈ నిబంధనకు ఎంతవరకు సరిపోతుందన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్నే. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ మాట తప్పక ప్రస్తావించండి.

• సైట్ తనంతట తాను బుకింగ్ రద్దు చేసినప్పుడు అలాంటి ఛార్జీ తానూ భరించకపోతే, మీరు రద్దు చేసుకున్నప్పుడు మీ మీద రద్దు ఛార్జీ వేయకూడదు.

• ఇన్సూరెన్సు, విరాళం లాంటి వాటికి ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. మీ అంగీకారం మీరే ఇవ్వాలి.

• ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి. నెలలోపు పరిష్కరించాలి.

దీనికి తోడు 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాలు తెచ్చింది. కొనేవాడిని తికమకపెట్టి డబ్బు లాగే 13 రకాల ఎత్తుగడలను అందులో జాబితా చేసింది. ఖాళీలున్నా ‘ఒక్క గదే మిగిలింది’ అని తొందరపెట్టడం, మొదట తక్కువ ధర చూపి చివరి పేజీలో ఫీజులు కలపడం, అడగకుండానే బిల్లులో ఇంకేదో చేర్చడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మీరే తనిఖీ చేసుకుని ఇలాంటివి తొలగించండని 2025 జూన్‌లో ఈ-కామర్స్ కంపెనీలకు అథారిటీ మూడు నెలల గడువు కూడా పెట్టింది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకూ ఒక మాట. అక్కడ చాలా హోటళ్లు గది ధరకు పైన ‘రిసార్ట్ ఫీ’ పేరుతో వేరుగా వసూలు చేసేవి. 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరనే ముందుగా చూపాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ పన్నులు ఇంకా వేరుగా పడొచ్చు కాబట్టి చివరి పేజీ చూశాకే కార్డు నంబరు ఇవ్వండి.

డీల్ కాదు, మోసం అయితే?

పేరు దాచిన హోటల్ ఒక సమస్య. అసలు లేని హోటల్ ఇంకో సమస్య. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, యాత్రికుల గెస్ట్‌హౌస్‌లు, హోటళ్ల పేరుతో నకిలీ సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, గూగుల్ ప్రకటనలు పెట్టి డబ్బు లాగుతున్నారని కేంద్ర హోం శాఖ కింద పనిచేసే ఐ4సీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. తిరుమల విషయంలోనూ నకిలీ వెబ్‌సైట్ల మీద టీటీడీ ఫిర్యాదులు చేయడం, కేసులు నమోదవడం చాలాసార్లు జరిగింది.

కొండ మీద గదిని ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే టీటీడీ అధికారిక సైట్, యాప్‌లే దారి. సైట్ చిరునామా చివర ‘డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్ కోటాను టీటీడీ కొన్ని నెలల ముందే విడుదల చేస్తుంది. రేపటికి కొండ మీద గది తగ్గింపుతో ఇప్పిస్తామని వాట్సాప్‌లో ఎవరైనా అంటే నమ్మొద్దు. హోటల్ పేరుతో కాకుండా ఎవరిదో వ్యక్తిగత యూపీఐకి డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి.

ఎప్పుడు తీసుకోవచ్చు? ఎప్పుడు వద్దు?

తేదీ ఖాయం, ఒక్క రాత్రి, ఒకరో ఇద్దరో మనుషులు, ఊళ్లో ఎక్కడున్నా పర్వాలేదు అనుకుంటే మిస్టరీ డీల్ ప్రయత్నించవచ్చు. పేరు పట్టుకునే ఉపాయం కూడా ఒకటుంది. డీల్‌లో చూపిన స్టార్లు, రేటింగ్, స్విమ్మింగ్ పూల్, ఉచిత టిఫిన్ లాంటి వివరాలను అదే ఏరియాలో పేరుతో కనిపించే హోటళ్లతో సరిపోల్చండి. రెండు మూడు పేర్లకు తగ్గుతుంది. ఆ హోటళ్లకు ఫోన్ చేసి ధర అడిగాక నిర్ణయించుకోండి.

రోగి వెంట వెళ్తున్నా, పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్నా, పరీక్ష కేంద్రం లేదా రైల్వే స్టేషన్ దగ్గరే ఉండాలన్నా దీని జోలికి వెళ్లొద్దు. రద్దు చేసుకునే వీలున్న గదికి రెండు మూడు వందలు ఎక్కువైనా అదే చవక.

తేడా వస్తే ఏం చేయాలి?

1. డబ్బు కట్టే ముందే ఆఫర్ పేజీ, మొత్తం ధర, రద్దు నిబంధనలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కట్టాక ఆ పేజీ మళ్లీ దొరక్కపోవచ్చు.

2. హోటల్‌లో గది లేదంటే రిసెప్షన్ నుంచే సైట్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. గది ఇవ్వలేదని మెసేజ్‌లోనైనా రాయించుకోండి. వేరే గది తీసుకుంటే ఆ బిల్లు దాచండి.

3. సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు.

4. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు.

5. నకిలీ సైట్‌కు డబ్బు పోయిందని తెలిస్తే ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే 1930కు ఫోన్ చేయండి. డబ్బు మోసగాడి ఖాతా దాటకముందే ఫిర్యాదు చేరితే ఆపే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత మీ బ్యాంకుకూ చెప్పండి.