తెలియని భాషలో నోటీసు

ఉద్యోగములో చేరిన దినమున కంపెనీవారిచ్చు నిబంధనల పుస్తకమును చదివి సంతకము చేయువారు అరుదు. విద్యావంతుల విషయమున ఇది అశ్రద్ధ. శ్రామికుని విషయమున, అది ఆతడెరుగని భాషలో నున్నచో, అశక్తత.

ఈ నిబంధనలలో కొన్నింటిని చట్టమే వ్రాయించుచున్నది. 100 మందికి తక్కువకాకుండ శ్రామికులున్న సంస్థలు పనివేళలను, సెలవులను, దుష్ప్రవర్తనకు శిక్షలను వ్రాసి అధికారిచే ధ్రువీకరింపజేసికొనవలెనని 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము విధించినది. వానిని ఇంగ్లీషునందును, శ్రామికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషయందును ద్వారముకడ బోర్డుపై ప్రకటింపవలెననియు శాసించినది. విధి మంచిదే. కాని షోలాపురపు మిల్లులలోను, కోలారు గనులలోను తరతరములుగ పాటుపడిన తెలుగువారివంటివారికి, తమ సంఖ్య తక్కువయైన చోట, స్వభాషలో నోటీసు పొందు హక్కు దానివలన కలుగలేదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడు ఆ చట్టమును తొలగించి, ఈ విధులను 300 మంది శ్రామికులున్న సంస్థలకు పరిమితము చేసి, భాషానిర్ణయమును ప్రభుత్వము చేయు నిబంధనలకు విడిచినది.

చట్టము తెలియదనుట సాకు కానేరదను సూత్రమును మేమెరుగుదుము. అది ప్రభుత్వ శాసనమునకు చెల్లును. ఒక యజమాని తన కార్ఖానాకు వ్రాసికొన్న నియమమును తెలియజెప్పు భారము మాత్రము ఆ యజమానిదే.

ఇందలి నష్టము అల్పము కాదు. పనిచేయుచోట లైంగిక వేధింపునకు గురియైన స్త్రీ, 2013 నాటి చట్టమునుబట్టి, 3 నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో మరి 3 నెలలు గడువు పొడిగింపవచ్చును. 10 మంది పనిచేయు సంస్థ సైతము అంతర్గత సంఘము నేర్పరచి, ఆ ఉత్తరువును, అపరాధమునకు గల శిక్షలను కంటబడుచోట ప్రకటింపవలెను. ఆ ప్రకటన ఆమె చదువలేని లిపిలో నున్నచో, తనకు హక్కు కలదని తెలియకమునుపే గడువు తీరిపోవచ్చును.

రాజధానిలో న్యాయవాదులై, కంపెనీల అధికారులై ఈ పుస్తకములను వ్రాయువారిలో మన తెలుగువారును కలరు. శ్రామికులు మాటాడు ప్రతి భాషలోను నియమావళి నచ్చొత్తింపవలెననియు, చదువురానివారికి చేరిన దినముననే చదివి వినిపింపవలెననియు వారు యజమానులకు సలహా చెప్పవలెనని మా మనవి. ఇందుకగు వ్యయము ఒక్క వ్యాజ్యపు ఖర్చులో స్వల్పభాగము. మేమిది తెలుగువారికొరకు మాత్రమే కోరుటలేదు. హైదరాబాదులో ఇండ్లు కట్టుచున్న ఒడియా కూలీకిని ఇదే న్యాయము జరుగవలెను.