పాముకు పాలు పుణ్యమా?

శ్రావణమున నాగపంచమి సమీపించినతోడనే పాములవాడు బుట్ట నెత్తికొని వాకిట నిలుచును. క్రొత్తగా పట్టిన త్రాచునకు తొలి మేతగా పాలు పోయుట పుణ్యమని యాదగిరిగుట్ట చుట్టుపట్ల మన యిండ్లలో చదువుకొన్నవారును నమ్ముదురు. అది పుణ్యము కాదు, హింస యని మేము చెప్పుచున్నాము.

పాము మాంసాహారి. ఎలుక, కప్ప దాని తిండి; దాహమునకు నీరు. "బుట్టలోని పాము పాలు త్రాగుచున్నదే!" యందురా? దినముల తరబడి నీరు చూపక మాడ్చిన ప్రాణి యేది పోసినను త్రాగును. ఆ పాలు దానికి జీర్ణము గావు. ఊపిరితిత్తులలో చొచ్చి చంపుటయు కలదు. క్రొత్తగా చెరబడిన పాము భయముచే తన సహజాహారమునే తరచుగా ముట్టదు. ఇక పాల మాట యేల?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము త్రాచును పట్టి యుంచుటను నిషేధించినది. అయినను పాములవానిని మేము నిందింపము. అతని బుట్టను నింపునది మన దక్షిణయే.

గుట్టపై సగము సింహమైన దేవునికి మ్రొక్కి దిగివచ్చు మనకు మూగజీవుల బాధ తెలియవలదా? ఎలుకలను తిని రైతు గింజను కాచు పామును చేలలోనే యుండనిండు. ఆ గిన్నెడు పాలు పొరుగింటి పసిబిడ్డకు పోయుడు. పాములవానికి వేరొక జీవనము చూపుడు.