ఎండతో పంతము వలదు

మన విద్యార్థులలో పరుగుపై ఆసక్తి పెరగడం హర్షింపదగిన విషయం. పోలీసు కానిస్టేబులు ఉద్యోగాన్ని కోరే యువతీయువకులు నిర్ణీత దూరాన్ని నిర్ణీత కాలంలో పరుగెత్తవలసి ఉండడం ఇందుకొక కారణం. కాని వేసవిలో పొద్దెక్కిన తరువాత మైళ్ళకొలది పరుగెత్తడమే పౌరుషమనీ, నడుమ ఆగి నీరు త్రాగడం పిరికితనమనీ కొందరిలో నాటుకొన్న భావం ప్రమాదకరమైనది.

పరుగులో కండరాలు ఖర్చుచేసే శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. ఆ వేడిని వెలికి పంపే ముఖ్యసాధనం చెమట. చెమట కారినంత మాత్రాన దేహం చల్లబడదు. అది ఆవిరి కావాలి. గాలిలో తేమ ఎక్కువైనపుడు ఆ పని సాగదు. కండరాలకూ చర్మానికీ ఒకేసారి రక్తాన్ని అందించలేక గుండె అలసిపోతుంది. మొన్న సులువుగా సాగిన వేగమే నేడు భారమవుతుంది. ఇది మనోబలం లోపించడం కాదు, ప్రకృతిధర్మం. దేహంలోని ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్పృహ తప్పితే అది వడదెబ్బ.

చరిత్ర కూడా ఈ సత్యాన్నే చాటుతున్నది. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్ మండుటెండలో జరిగింది. దారిలో నీటివసతి అత్యల్పం. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మందే. 1912లో స్టాక్‌హోం మారథాన్‌లో పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లజారో కుప్పకూలి మరునాడు కన్నుమూశాడు. 2019లో దోహా ప్రపంచపోటీలలో మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి ప్రారంభించినా 68 మందిలో 28 మంది విరమించారు. వారికి పట్టుదల లేదనగలమా? మన దేశంలోనే, 2024లో ఝార్ఖండ్ ఎక్సైజు కానిస్టేబులు ఎంపికలో 10 కిలోమీటర్ల పరుగు సందర్భంగా పదిమందికి పైగా అభ్యర్థులు మరణించగా, పరీక్షను కొంతకాలం ఆపవలసివచ్చింది. ఉద్యోగం కోసం వెళ్ళిన బిడ్డ శవమై తిరిగిరావడం కంటె ఘోరమేమున్నది?

పరీక్ష ఎండలో జరిగితే సాధన కూడా ఎండలోనే ఉండాలి కదా అని కొందరి వాదం. అందులో కొంత నిజం లేకపోలేదు. దేహం ఎండకు అలవాటు పడగలదు. అందుకు 10 నుండి 14 రోజులు పడుతుంది. తొలినాళ్ళలో దూరమూ వేగమూ తగ్గించి, క్రమంగా పెంచాలి. ఒక్కనాటి మొండితనం ఆ పని చేయలేదు.

కావున కళాశాల కమిటీవారికి సవినయ మనవి. వేసవి సాధన సూర్యోదయానికి ముందే ముగిసేలా వేళలు మార్చాలి. మైదానంలో నీటికుండలు, కొంత నీడ ఏర్పాటు చేయాలి. రంజాన్ ఉపవాసంలో ఉన్నవారికి ఇఫ్తార్ అనంతరం అవకాశమివ్వాలి. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, ఒళ్ళంతా చన్నీటితో తడిపి, గాలి విసరుతూ, వెంటనే వైద్యుని పిలిపించే విధానం అందరికీ నేర్పాలి. స్పృహలేనివాని నోట నీరు పోయరాదని కూడా చెప్పాలి. వీటికయ్యే వ్యయం స్వల్పం.

సోదర విద్యార్థులారా! తల తిరిగినపుడు ఆగిపోవడం ఓటమి కాదు. ఆగినవాడు రేపు మళ్ళీ పరుగెత్తగలడు. సహనమంటే దేహాన్ని హింసించడం కాదు, దాని మాట విని నడుచుకోవడం.